తలకిందులుగా నిలబడే చేప

"చేపల బొమ్మలు గీసేదానికి ఈతెందుకే? పక్షుల బొమ్మలు గీసేవాళ్ళు ఎగురుతున్నారా ఏమిటి?"

అమ్మ ఈ మాట అనడం పొద్దున్నించీ ఇది ఎన్నోసారో. కాఫీ చల్లారిపోయింది కానీ వాదన చల్లారలేదు.

"నేర్చుకోనీవే. రేపు సంసారంలో దిగాక ఎలాగూ ఈదాల్సిందే కదా," అంది బామ్మ మనవరాలి పక్షం చేరుతూ.

"మీరలా వెనకేసుకు రాబట్టే అత్తయ్యా, అది ఇలా తయారైంది. ఓ పక్క సంబంధాలు చూస్తున్నాం. వచ్చినవాళ్ళ ముందు ఈ తడిజుట్టు వేసుకుని కూర్చుంటుందా?"

"ఇద్దరూ చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది," అన్నాడు నాన్న పేపరు వెనకాల నుంచి. అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి అటు తిరిగి చూశారు. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

అన్నయ్య మాత్రం తాపీగా అగ్గి రాజేశాడు. "అమ్మా, ఇది ఈత కోసం వెళ్ళట్లేదు. గట్టు మీద ఒకాయన కూర్చుంటాడు, కెమెరా సంచీ వేసుకుని. నిన్న దీన్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు చూశాగా!"

పిచ్చుక చేతిలోని తువ్వాలు వాడి మొహం మీద పడింది. ఆ ఇంట్లో ఆమెని అందరూ పిచ్చుకనే పిలుస్తారు. మనిషి చిన్నది, నోరు పెద్దది. పట్టు మాత్రం ఉడుంపట్టు.

"ఆయన నవ్వడానికొస్తాడు. నేను ఈత నేర్చుకోలేనని ఆయన ధీమా. నేర్చుకుని చూపిస్తా," అని సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది.

ఈ రగడంతటికీ మూలం ఒక చేప.

పిచ్చుక పనిచేసేది మ్యూజియంలో, బొమ్మలు గీసే గదిలో. బల్ల చుట్టూ సీసాలు, సీసాల్లో స్పిరిట్, స్పిరిట్‌లో చేపలు. తీరంలోని జీవుల మీద మ్యూజియం వేస్తున్న పుస్తకానికి బొమ్మలన్నీ ఆమెవే. ఆ రోజు రేజర్ ఫిష్ వంతు వచ్చింది. క్షవరం కత్తిలా పలచటి చేప. పక్క నుంచి చూస్తే వెడల్పు, ఎదురుగా చూస్తే ఒక గీత. దాన్ని సీసాలోంచి తీసి, తెల్లటి పళ్ళెంలో అడ్డంగా పడుకోబెట్టి, భూతద్దంలో చూస్తూ పలకల కవచం అతుకులతో సహా గీసింది. బీరువాలో ఉన్న పాత చిత్రాలు కూడా అలాగే, అడ్డంగానే ఉన్నాయి.

పోస్టర్లకి ఫొటోలివ్వడానికి వచ్చిన ఫొటోగ్రాఫర్ ఆమె భుజం వెనక ఆగాడు.

"చాలా బాగుందండీ. పాపం, ఎప్పుడు పోయింది?"

"ఏమిటి?"

"చేప. పడుకుని ఉంటేనూ, అడిగాను. బతికుంటే ఇది తల కిందకి పెట్టి నిలబడుతుంది." ఫోన్ తీసి చూపించాడు. పొడుగాటి నల్లటి సూదులున్న సముద్రపు ముళ్ళబంతి. దాని పక్కన చేపలన్నీ మూతులు కిందికి పెట్టి, డబ్బాలో వేసిన పెన్సిళ్ళలా నిటారుగా.

పిచ్చుక ఆ ఫోన్ అందుకుని అడ్డంగా తిప్పింది. "ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉంది. మీరు కెమెరా వంకరగా పట్టుకుని నా చేపనంటారేం?"

"బుడగలు చూడండి మేడం. మీరు తిప్పినట్టయితే అవి పక్కకి పోవాలి."

బుడగలు నిజంగానే పక్కకి పోతున్నాయి. పిచ్చుక ఫోన్ తిరిగిచ్చేసింది. చెవులు వేడెక్కాయి.

అంతటితో పోయేది, డైరెక్టర్ మేడం అప్పుడే లోపలికి రాకపోతే. "అయితే ఆ పేజీకి ఫొటోనే వేసేద్దాం. బొమ్మ వద్దులే," అందావిడ తేలిగ్గా.

పిచ్చుక పళ్ళెంలోని చేప వంక చూసింది. ఈ పేజీకి ఫొటో చాలంటే, రేపు పుస్తకమంతటికీ చాలదా? తర్వాత ఈ గదెందుకు, ఈ బల్లెందుకు?

"పుస్తకం ప్రెస్‌కి వెళ్ళేలోపు వేరే బొమ్మ ఇస్తాను మేడం. బతికున్న చేపని చూసి."

"ఈ ఫొటో చూసి గీయరాదూ?"

"అప్పుడది ఫొటోకి బొమ్మవుతుంది, చేపకి కాదు."

ఫొటోగ్రాఫర్ మొహంలో నవ్వు తగ్గి, ఇంకేదో వచ్చింది. "ఈతొచ్చా?"

"వస్తుంది." ఒక్క క్షణం ఆగింది. "నేర్చుకుంటే."

"నేర్చుకోండి. నేను తీసుకెళ్ళి చూపిస్తాను."

"చూపిస్తే మీ ఫొటో పేజీ పోతుందేమో!"

"పోతే పోయింది. ఆ చేప కోసం ఇంత పోట్లాడే మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు," అన్నాడు. ఆమె అప్పటికే చెక్కి ఉన్న పెన్సిల్‌ని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది.

ఈత కొలనులో నేర్పేది జుట్టు నెరిసిన టీచరమ్మ. గొంతు మాత్రం ఈల. పిచ్చుక మునిగింది, తేలింది, నీళ్ళు తాగింది, మళ్ళీ దిగింది. గట్టు మీద ఫొటోగ్రాఫర్.

"పిచ్చుకగారూ, కాళ్ళతో నీళ్ళని కొట్టాలి, తిట్టకూడదు!"

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"మీ అన్నయ్య గేటు దగ్గర అరిచాడుగా, వీధి వీధంతటికీ తెలుసు."

ఒక సాయంత్రం వాన మొదలైంది. ఆయన గొడుగు తెరిచాడు.

"నేనిక్కడ తడుస్తుంటే మీకు గొడుగా?"

"మీరు నీళ్ళలో ఉన్నారండీ!"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే నోట్లోకి నీళ్ళొచ్చాయి. దగ్గు తగ్గి తలెత్తేసరికి ఆయన గొడుగు ముడిచి పక్కన పెట్టి, తడుస్తూ కూర్చుని ఉన్నాడు.

మర్నాడు ఆయన రాలేదు. పిచ్చుక నేరుగా వెళ్ళి గోడకి తల కొట్టుకుంది. "గట్టు వైపు చూస్తూ ఈదితే అంతే," అంది టీచరమ్మ.

చివరికి ఈత పట్టుబడ్డాక, ఒక ఉదయం పడవలో బయల్దేరారు. తీరానికి దగ్గర్లోనే, లోతు లేని చోట పడవ ఆగింది. కళ్ళకి అద్దం, నోట్లో గొట్టం. ఆయన మెల్లగా నీళ్ళలోకి జారాడు. ఆమె ధబ్బున దూకింది.

కింద నల్లటి ముళ్ళు. వాటి పక్కన వెండి గీతలు, నిలువుగా. ఆత్రంగా కాళ్ళు ఆడించింది. అంతే! చేపలన్నీ ఒక్కసారిగా అడ్డం తిరిగి, బాణాల్లా పారిపోయాయి.

పిచ్చుక పైకి తేలి, గొట్టం ఊడబీకి అరిచింది. "అడ్డంగా! చూశారా? అడ్డంగా ఈదాయి! నేను గీసింది అబద్ధం కాదు!"

"భయపడితే అలాగే పోతాయి," అని ఆయన ఆగిపోయాడు. "నేనెన్నోసార్లు తీశాను అలాంటివి. ఫొటో చెడిపోయిందని చెరిపేసేవాణ్ణి."

"చెరిపేశారా? చేప చేసే పనిని చెడిపోయిందంటారా?"

"మీరు చచ్చినదాన్ని చూసి గీశారు. నేను నచ్చినదాన్నే ఉంచుకున్నాను. ఇద్దరం సగం సగమే చూశాం." నీళ్ళలో చెయ్యి చాచాడు. "రండి. ఈసారి కదలకుండా."

మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ ఆకుల్లా తేలారు. చాలాసేపటికి ఒక చేప వచ్చింది, తల దించి నిలబడింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి ఒక వెండి తెర వేలాడినట్టు గుంపంతా. కంటి మీదుగా తోక దాకా సాగే నల్ల చార, ముళ్ళ నీడల్లో కలిసిపోవడం ఏ సీసాలోనూ కనపడనిది. పిచ్చుక రెప్ప వెయ్యలేదు.

పైకి వచ్చాక ఆయనన్నాడు, "చెయ్యి వదలమంటే వదుల్తాను."

"వదలమన్నానా?"

ఆ తర్వాత ఆమె ఇంట్లో బల్ల దగ్గర నుంచి లేస్తే ఒట్టు. చింపింది, మళ్ళీ గీసింది. అమ్మ తలుపు దగ్గరే నిలబడి భోజనానికి పిలిచి పిలిచి, చివరికి పళ్ళెం బల్ల మీదికే తెచ్చింది.

డైరెక్టర్ మేడం కొత్త బొమ్మని కిటికీ వెలుగులో పట్టుకుంది. ముళ్ళ నడుమ నిలబడ్డ గుంపు, కింద అంచున అడ్డం తిరిగి పారిపోతున్న ఒకే ఒక్క చేప.

"ఈ పారిపోయేది ఏ పుస్తకంలోనూ చూళ్ళేదు నేను. బొమ్మ వేస్తున్నాం. ఆ ఫొటో ఎదురు పేజీలో."

వరండాలోకి వచ్చాక ఫొటోగ్రాఫర్ గొంతు సవరించుకున్నాడు. "ఎదురు పేజీలంటే తెలుసా? పుస్తకం మూసినప్పుడల్లా ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి."

"తెలిసే ఒప్పుకున్నాను."

"పిచ్చుకగారూ, నేనొకటి అడగాలి. చాలా రోజులుగా..."

"మీరు మొదలుపెడితే సాయంత్రమవుతుంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. చేపే.

"చేసుకుంటాను," అన్నాడు చివరికి. "కానీ ఈ 'మీరు' తీసెయ్యాలి."

"తీసేశాను. వాన పడేలా ఉంది, పద."

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. అమ్మ వడ్డిస్తూ, ఆదివారం సంబంధం వాళ్ళొస్తారని, అబ్బాయికి మంచి ఉద్యోగమని, ఆ పూటకైనా కాస్త నోరు అదుపులో పెట్టుకోమని చెప్పుకుపోతోంది. నాన్న తలూపుతున్నాడు. బామ్మ మనవరాలి మొహం వంక చూస్తోంది.

"వాళ్ళని రావద్దని చెప్పమ్మా," అంది పిచ్చుక. గొంతు పెంచలేదు. అందుకేనేమో అందరి చేతులూ ఆగాయి. "ఆదివారం ఫొటోగ్రాఫర్‌ని రమ్మన్నాను, వాళ్ళమ్మగారితో. పెళ్ళి మాట నేనే అడిగాను. ఒప్పుకున్నాడు."

అన్నయ్యకి పొలమారింది. పిచ్చుక మంచినీళ్ళ గ్లాసు వాడి వైపు జరిపి, అన్నం కలుపుకుంది.