గంప కింద పెండ్లిపిల్ల

పొద్దున చాయ తాగి హనుమండ్లు గడ్డం గీసుకోవడానికి నిలబడ్డాడంటే ఇంట్లో ఎవరూ అటువైపు పోరు. నడిమింటి గోడకున్న అద్దం ముందు నిలబడి, చెంపలకు నురగ పూసుకుని, ఆ నురగలోంచే ముచ్చట్లు మొదలుపెడతాడు. మనిషి మంచి పొడగరి. కొండగట్టు మెట్లెక్కకుండా కింద నిలబడే అంజన్న మెడలో దండేసి వచ్చానంటాడు. ఎండాకాలం తన నీడలో రెండెడ్లు పడుకుని నెమరేశాయంటాడు. విన్నవాళ్లు నమ్మరు గానీ మళ్లీ చెప్పమంటారు. ఆయనకు కావలసిందీ అదే.

భార్య కిష్టవ్వ పొట్టి మనిషి. పక్కన నిలబడితే ఆయన భుజం దాకా కూడా రాదు. ఆ పొద్దున ఆమె కడప మీద కూర్చుని, వాకిట్లోకి చూస్తూ తల దువ్వుకుంటోంది. పాపిట వేలితో తడిమి తీసుకుని కొప్పు చుట్టుకుంది.

హనుమండ్లు హుషారు మీదున్నాడు. ఒక్కగానొక్క బిడ్డ నవత పెళ్లి వచ్చే వారమే. కరీంనగర్‌లో ఓ ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల, సెలవు పెట్టి ఇంటికొచ్చింది. పెళ్లికొడుకు భానుప్రసాద్‌ది నిర్మల్. నిన్న సాయంత్రం అతని తల్లిదండ్రులు, మేనమామలు పెళ్లి పనులు మాట్లాడడానికి వచ్చారు. పనుల మాట పావుగంటలో అయిపోయింది. ఆ తర్వాతంతా హనుమండ్లే మాట్లాడాడు.

“మా పెండ్లినాడు ఏమైందనుకున్నరు బావా? తలంబ్రాలు పోద్దామంటె గీమె చెయ్యి నా నెత్తిదాక వస్తలేదు. గంప బోర్లిచ్చి దాని మీద నిలవెట్టిన్లు. గంప జారె, పెండ్లిపిల్ల కిందికి వాయె, గంప మీదికి వచ్చె. పంతులు ‘పిల్లేది, పిల్లేది’ అంటడు. మా మామ బాయిల సూశిండు. మా బామ్మర్ది బస్టాండు దాక ఉరికిండు. ఆఖర్కి మా అవ్వ, కోడిని కమ్మిన గంపనుకొని లేపితె, లోపల పెండ్లిపిల్ల జీలకర్ర బెల్లం నాక్కుంట కూసున్నది.”

వియ్యంకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. మేనమామల్లో ఒకాయనకు పొలమారింది. చాయ తెచ్చిన కిష్టవ్వ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె ఎప్పుడూ నవ్వుతుంది.

ఆ నవ్వులే తలుచుకుంటూ హనుమండ్లు ఒక చెంప గీసుకుని రెండో చెంపకు మళ్లీ నురగ పూస్తుండగా, వదినె యాదవ్వ విసవిసా వాకిట్లోకి వచ్చింది. పక్క వాడకట్టులోనే ఉంటుంది. మరిది ఎంత పొడుగైనా ఆమె ముందు చిన్నపిల్లాడే. చేతిలో పసుపుపచ్చ పట్టుచీర ఉంది. పెళ్లిలో పీటల మీద కూర్చోవడానికని నవత ఏరికోరి తల్లికి కొన్న చీర.

“ఏందే కిష్టవ్వా, గీ చీర నా ఇంట్ల వెట్టొచ్చినవ్? మీ బావనడిగితె, పిలగాని కాళ్లు గడుగుడు మమ్ములను జెయ్యుమన్నవంట?”

నవత లోపల్నుంచి వచ్చింది. హనుమండ్లు చేతిలో నురగ కుంచె గాల్లోనే ఆగింది. చెంప మీద నురగ అట్లాగే ఉంది.

కిష్టవ్వ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంటూ అంది. “అవునక్కా. నువ్వు, బావ పెద్దోళ్లు. పీటల మీద మీరు కూసుంటె నిండుగుంటది. నేను వంటకాడ సూస్కుంట.”

“అవ్వా, కన్నోళ్లున్నంక పెద్దమ్మ కాళ్లెందుకు గడుగుతది? నీ పానం బాగలేదా?” అంది నవత.

“పానానికేమైంది, మంచిగనే ఉన్న.”

“మరేంది?”

కిష్టవ్వ ఎవరివైపూ చూడలేదు. “నిన్న గాళ్లందరు నవ్విన్లు గదా బిడ్డా. రేపు నేను బాపు పక్కపొంటి గూసుంటె అందరికి గదే యాదికొస్తది. ఇగో, గంప కింది పెండ్లిపిల్ల గీమెనే అంటరు. నీ పెండ్లిల అందరు నిన్ను జూడాలె. నన్ను జూసి నవ్వుడెందుకు? నీ అత్తగారోళ్ల ముందల నీకు చిన్నతనమైతది.”

“నాకు చిన్నతనమని ఎవలన్నరు?”

“ఎవలంటరు. నాకు తెల్వదా నేనెట్లుంటనో.”

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. ఈ యేడు వానలు తక్కువ అన్నట్టు అంది.  హనుమండ్లు వెంటనే ఎప్పటిలాగే నవ్వులోకి దిగబోయాడు.

“ఓసి నీ... పీటల మీద కూసుంటె పొడుగేంది పొట్టేందే? కావాల్నంటె నీ పీట కింద రెండిటికెలు...”

“బాపూ.” నవత గొంతు పెంచలేదు. “ఇటికెల ముచ్చట ఇంకొక్కటి చెప్పినవంటె నేను పెండ్లిపీటలెక్క. అవ్వ కూసోకుంటె అస్సలే ఎక్క. భానుకు నేనే ఫోన్ జేసి చెప్త.”

వారంలో పెళ్లి. బిడ్డ మొండిది. అన్నంత పనీ చేస్తుంది.  కిష్టవ్వ కంగారుగా లేచింది.

“గట్లనకు బిడ్డా. బాపు తప్పేం లేదు. జరిగిందే చెప్పిండు.”

యాదవ్వ చీర దండెం మీద వేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏం జరిగిందే?”

“గదే అక్కా. గంప.”

“ఏం గంప? నీ పెండ్లిల నీ పక్కన గూసున్నది నేనే గదా. గంప లేదు, గుమ్మి లేదు.”

“నువ్వు మరిశిపోయినవక్కా. నాకు మంచిగ యాదికున్నది. గంప పుల్ల ఇరిగి మడిమెకు గుచ్చుకున్నది కూడా యాదికున్నది.” కిష్టవ్వ కుడికాలు కొంచెం పక్కకు తిప్పి చూపించింది. అక్కడ మచ్చ లేదు. చూడమన్నట్టు వేలు మాత్రం పెట్టింది. “అందరు నవ్వుతుంటె నాకు ఏడుపాగలే. మా అవ్వ కొంగుల మొకం దాసుకున్న.”

 యాదవ్వ మెల్లగా మరిదివైపు తిరిగింది.

“హన్మండ్లూ, నువ్వు చెప్పు. గంప ఉన్నదా?”

నీడలో పడుకున్న ఎడ్ల గురించి అడిగితే ఆయన ఇంకో ఎద్దును కలిపేవాడు. ఇప్పుడు గొంతులోంచి ఒక్క మాటే వచ్చింది.

“లేదు.”

కిష్టవ్వ నమ్మలేదు. మొగడి ముఖంలోకి చూసింది, ఎక్కడో నవ్వు దాచుకున్నాడేమోనని. నురగ ఆరిపోయిన ఆ ముఖంలో నవ్వు లేదు.

“మరి నా మడిమె?” అంది చిన్నగా.

హనుమండ్లు ఆమె మడిమెకేసి చూశాడు.

యాదవ్వే అంది, “పిచ్చిదానా, తలంబ్రాలప్పుడు గీయినే వంగిండు. నీ చెయ్యి ఎత్తే పని లేకుండ తలకాయ నీ ముందల వెట్టిండు. గంత పొడుగోడు కోడలు పిల్ల ముందు వంగిండని మా అత్త నాల్గొద్దులు ముచ్చటగ జెప్పుకున్నది. గది చెప్పలేదా నీకు?”

చెప్పలేదు. హనుమండ్లుకు ఆ వంగడం గుర్తే. పసుపు బియ్యం చెవుల్లో పడ్డాయి, చక్కిలిగింత పెట్టాయి. కానీ మొగోడు వంగాడంటే నలుగురిలో నవ్వు పుట్టదు. పెండ్లిపిల్ల గంప కింద పడిందంటే పుడుతుంది. మొదటిసారి ఎక్కడ చెప్పాడో కూడా ఆయనకు యాదిలో లేదు. వాళ్లు నవ్వారు. ఇంకోచోట చెప్పాడు, గంప కాస్త పెద్దదైంది. ఆ తర్వాత బావి వచ్చి చేరింది, బస్టాండు వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ముచ్చట పెరిగింది. వింటూ చాయ అందించిన మనిషి మాత్రం తగ్గుతూ వచ్చింది. తన నీడలో పడుకున్న ఎడ్లను ఎవరూ నమ్మలేదు. గంపను ఒక్క మనిషి నమ్మింది, కాలికి గుచ్చుకునేంత గట్టిగా.

సగం గడ్డంతోనే హనుమండ్లు బయటికి నడిచాడు. రోడ్డు మీద ఓంప్రకాశ్ చాయ హోటల్లో నలుగురు కూర్చునున్నారు.

“రా పటేలా, ఇదేం అవతారమే?” అన్నాడు ఓంప్రకాశ్. “కరీంనగర్ నుంచి మా తోడల్లుడు వచ్చిండు. జర ఆ గంప ముచ్చట జెప్పు.”

చెప్పడానికి నోరు దానంతటదే తెరుచుకుంది. అలవాటు అట్లాంటిది. అంతలోనే మడిమె మీద వేలు పెట్టి చూపించిన కిష్టవ్వ కళ్లముందు నిలబడింది.

“గా గంప అబద్ధం,” అన్నాడు. “వంగింది నేను.”

అందరూ అదే కొత్త ముచ్చట మొదలనుకుని ముందుకు జరిగారు. ఆయన చాయ తాగకుండానే వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి కిష్టవ్వ మళ్లీ కడప మీదే ఉంది, చెదిరిన కొప్పును చేత్తో తడిమి సరిచేసుకుంటూ. హనుమండ్లు అక్కడే నిలబడిపోయాడు. పెళ్లైనకాడి నుంచీ చూస్తున్న దృశ్యమే, కానీ ఈ పొద్దే చూసినట్టనిపించింది.

“అద్దంల సూసుకోవా?” అన్నాడు.

“యాడ అందుతది నాకు? బొటనవేళ్ల మీద నిలవడితె నొసలు కనవడ్తది. బొట్టు వెట్టుకునేదాన్కి అది సాలు.”

అద్దం వేలాడే ఆ మేకు ఆయనే కొట్టాడు, ఇల్లు కట్టిన కొత్తలో, తన కళ్లకు సమంగా. ఇంట్లో ఇంకో ముఖం ఉందన్న ఆలోచనే రాలేదు. హనుమండ్లు లోపలికెళ్లి పట్టకారు తెచ్చాడు. మేకు మొరాయించింది. పీకితే సున్నం పెచ్చుతో సహా ఊడి వచ్చింది. కిష్టవ్వను చెయ్యి పట్టుకుని గోడ ముందు నిలబెట్టి, ఆమె కళ్ల ఎత్తుకు బొగ్గుతో గీత గీశాడు.

“గోడంత ఖరాబైతుంది. పెండ్లికి సుట్టాలొస్తరు, పొక్క జూసి ఏమనుకుంటరు?”

“అననీ. పొక్క ముచ్చట నేను జెప్త. గిది మాత్రం అబద్ధముండది.”

అద్దం కిందికి దిగింది. కిష్టవ్వ ముందు నొసలు చూసుకుంది, అలవాటు కొద్దీ. తర్వాత చూపు మెల్లగా కిందికి జారింది. కళ్లు, ముక్కు, గదవ. ఇంట్లో నిలబడి తన ముఖం తాను మొత్తంగా చూసుకోవడం ఆమెకదే మొదలు. చాలాసేపు చూసింది.

“మా అవ్వ తీరుగ అయిన,” అంది.  “మా అవ్వ మంచిగుండేది.”

ఆయన గోడవైపు తిరిగి కండువాతో కళ్లద్దుకున్నాడు.

“కిష్టీ, పీటల మీద నా పక్కన కూసో. నువ్వు నీళ్లు వొయ్యకుంటె నేను పిలగాని కాళ్లెట్ల గడుగుత?”

ఆమె వంగి మడిమె తడుముకుంది. “గా మడిమె నొప్పి ఉత్తదని తెలిసినా, ఇంక గుచ్చుకున్నట్టే ఉన్నదయ్యా. ఒక్కనాటికి పోదేమో.”

“పోదు,” అన్నాడు హనుమండ్లు. “నాకూ పోదు.”

తలుపు చాటున నిలబడి వింటున్న నవత దండెం మీది పట్టుచీర తెచ్చి, తల్లి భుజం మీద కప్పింది. కిష్టవ్వ ఆ పసుపుపచ్చ చీరలో ఇంకోసారి అద్దం చూసుకుంది. చీర తీసి ఇవ్వలేదు.

“నిలవడి సూసుడేంది? మిగిలిన గడ్డం గీసుకో,” అంది మొగడితో. “సగం గడ్డంతోని ఊరంత తిరిగొచ్చినవ్.”

హనుమండ్లు అద్దం ముందుకొచ్చాడు. అందులో ఆయన చొక్కా గుండీలు తప్ప ఏమీ కనబడలేదు. మోకాళ్లు మడిచి, నడుం వంచి, తల ఆమె ఎత్తుకు తెచ్చాడు.

“గట్లనే రోజు వంగుతవా?” అంది కిష్టవ్వ.

“వంగుత.”

“అయితె రేపు నిర్మలోళ్లకు నేను జెప్త,” అంది, కళ్లు తుడుచుకుంటూనే. “మా ఇంట్ల ఒకడున్నడు, గడ్డం గీసుకుంటందుకు వంగి వంగి, ఆఖర్కి వాని గడ్డం వాని మోకాలికి తాకిందని.”

నవత పక్కున నవ్వింది. ఈసారి కిష్టవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.