చప్పిడి పథ్యం

కొట్టు ముందు మూడు ఉప్పు బస్తాలు మూతి విప్పుకుని నిలబడి ఉంటే, ఆ ఇంటి కోడలు ఒక్క ఉప్పుగల్లు నోట్లో వేసుకున్నందుకు చెంపదెబ్బ తిన్నది! అదీ బేరానికి వచ్చిన నలుగురి ముందు! డోన్ బజారులో రామకోటయ్య కిరాణా కొట్టంటే తెలియనివారు లేరు. ఆయన భార్య కృష్ణవేణమ్మను కొట్టింది ఆయన తల్లి రాజ్యలక్ష్మమ్మ. పరాయిదా? సొంత అన్న కూతురినే ఏరికోరి కోడలిగా తెచ్చుకున్న మేనత్త! నోట్లో వేలు పెట్టి మరీ ఆ గల్లు ఉమ్మించింది.

ఆరు నెలలుగా కృష్ణవేణమ్మ ఒళ్ళు నల్లబడుతోంది. చిగుళ్ళు, అరచేతి గీతలు కూడా నలుపెక్కాయి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి, తిన్నది కడుపులో నిలవదు, ఎంతసేపూ ఉప్పు మీదికే మనసు... రక్తం చెడిందని, చప్పిడి పథ్యం పెట్టమని ఊరి వైద్యుడు చెప్పాడు. రాజ్యలక్ష్మమ్మ ఆ మాట పట్టుకుని వదల్లేదు. పన్నెండేళ్ళ కిందట ఆమె కూతురు గిడ్డమ్మ ఇలాగే నల్లబడి, ఇలాగే ఉప్పుకోసం ఏడ్చి, చివరికి దొంగతనంగా ఊరగాయ తిన్న రోజే కన్నుమూసింది. పథ్యం చెడినందుకే పోయిందని ఆ తల్లి నమ్మకం. ఆ భయంతోనే ఇప్పుడు వంటింటికి తాళం వేసింది.

చెంపదెబ్బ తిన్న మర్నాడు కృష్ణవేణమ్మ స్పృహ తప్పి పడిపోయింది. రామకోటయ్య తల్లి మాట కాదని ఆమెను రైల్లో కర్నూలు ఆసుపత్రికి చేర్చాడు. అక్కడి డాక్టరు రాహేలమ్మ చిగుళ్ళు చూసి, రక్తపోటు చూసి, సెలైన్ ఎక్కించింది. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన కార్టిజోన్ అనే మందు మొదలుపెట్టింది. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు ఎండిపోయాయనీ, అవి ఊరించే రసాన్ని మందుగా బతికినన్నాళ్ళూ ఇవ్వాలనీ, ఉప్పు ఎక్కువే పెట్టాలనీ చెప్పింది. మూడో రోజుకు కృష్ణవేణమ్మ లేచి కూర్చుంది.

నాలుగో రోజు రాజ్యలక్ష్మమ్మ చప్పిడి జావ పట్టుకుని దిగింది! ఎవరెంత చెప్పినా వినలేదు.

"నా బిడ్డ ఉప్పు తినే సచ్చిపాయ. ఈ కండ్లతో చూసినా" అంది.

గిడ్డమ్మ సంగతంతా రామకోటయ్య నోట ముందే విన్న రాహేలమ్మ బల్లమీది వైద్య పత్రిక తెరిచింది. "మీరు చూసింది ఒక్క గిడ్డమ్మనే అమ్మా. దీంట్లో రాసినోళ్ళు ఇట్లాంటి రోగుల్ని శానామందిని చూసినారు. ఉప్పు ఆపితే పడిపోయినారు, పెడితే తేరుకున్నారు. మీ బిడ్డకు ఉప్పు దొరకలేదు. ఈ మందు అప్పటికి ఇంకా రాలేదు."

రాజ్యలక్ష్మమ్మ మంచం కోడు పట్టుకుంది. "ఊరగాయ జాడీ దాని చేతిలోంచి నేనే పెరుక్కుంటిని..."

కృష్ణవేణమ్మకు జాలి కలగలేదు. ఆరు నెలల ఆకలి ఒక్కసారిగా మండింది. "నేను అడిగినప్పుడల్లా ఏమంటివి అత్తా? నోరు కట్టుకోలేనిదానివంటివి. నన్నూ చంపుతాంటివి గదా" అని జావ గిన్నెను తోసేసింది.

ఇంటికి వచ్చాక నెల రోజులు అత్తతో మాట్లాడలేదు. వంటింటి తాళం పోయింది, ఉప్పు జాడీ కోడలి చేతికే వచ్చింది. అయినా ఆ చెంప ఇంకా మండుతూనే ఉంది! ఒక మధ్యాహ్నం చూస్తే, రాజ్యలక్ష్మమ్మ ఒట్టి చప్పిడి అన్నం మింగుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునుంచీ ఉప్పు ముట్టలేదని రామకోటయ్య చెప్పాడు.

కృష్ణవేణమ్మకు ఒళ్ళు మండిపోయింది. తనను కోప్పడనివ్వకుండా ఇదొక శిక్ష వేసుకుని కూర్చుందా! జాడీలోంచి ఉప్పు తీసి అత్త కంచంలో వేసింది.

"నువ్వు చప్పిడి తింటే గిడ్డమ్మ వదిన వస్తాదా? నీమింద కోపం నాకింకా పోలేదు. అది పోయేదాకా నువ్వు బతికి ఉండల్ల. కలుపుకో అత్తా."

రాజ్యలక్ష్మమ్మ తల వంచుకుని కలుపుకుంది.