అతిథుల జాబితాలో బావమరిది

“నాలుగింటికి ఒక రైలు వంతెన కూలబోతోంది. కూలకూడదు,” అన్నాడు పెద్దాయన.

“ఏ వంతెన సార్?”

“అది తెలిస్తే రైలే ఆపించేవాణ్ణి. నిన్నెందుకు లేపుతాను?”

ఏజెంట్ కొంగ అప్పుడే భోంచేసి నడుం వాల్చాడు. గంటల తరబడి కదలకుండా, పలక్కుండా కాపు కాస్తాడని డిపార్ట్‌మెంటు వాళ్ళు పెట్టిన పేరది. చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్ సర్దుకుని లేచి కూర్చున్నాడు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిపొడిగానే ఉంటుంది. విదేశీ ముఠా ఏదో వంతెన కింద యంత్రం అమర్చింది. అది నిమిషానికోసారి ఎక్కడో ఉన్న ఒక ఫైలును చూసుకుంటుంది. ఫైల్లో ఉన్నది ఒకటే మాట, ‘కానీ’. దాన్ని ‘ఆపు’ అని మార్చాలి. ఫైలు చెరిపేసినా, అది ఉన్న పెట్టెకు కరెంటు తీసేసినా యంత్రం ఆగదు. చెప్పిన వేళకు పేలి తీరుతుంది.

“ఫైలెక్కడుంది సార్?”

“నువ్వు పడుకున్న మంచానికి కింది అంతస్తులో.”

ఆ ఇల్లు ఒక పళ్ళ డాక్టరుది. ముఠాకు ఇక్కడి మనిషి అతనే. మెట్ల కింద అరలో ఇటుకంత నల్ల పెట్టె ఒకటి పెట్టుకున్నాడు. ఇంటి ఫొటోలు, పాటలు, కరెంటు బిల్లులు అన్నీ దాచుకునే స్టోరేజ్ అది. ఇంట్లో ఎవరి కంప్యూటర్ నుంచైనా తెరుచుకోవచ్చు. పెళ్ళిఫొటోల మధ్య బాంబు మాట ఎవడు వెతుకుతాడని అతని ధీమా.

డాక్టరు భార్య ముఠాలో పనిచేస్తోంది. అంతకు ముందు నుంచే డిపార్ట్‌మెంటుకూ పనిచేస్తోంది. ఆమె నవ్వితే పన్ను పీకించుకున్నవాడు కూడా నవ్వుతూ మెట్లు దిగుతాడు. ‘మా తమ్ముడు, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు’ అని చెప్పి కొంగను ఇంట్లోకి తెచ్చింది ఆమే. పోలిక కోసం తన చెవి కింద ఉన్నట్టే అతనికీ ఒక పుట్టుమచ్చ అంటించింది.

అలా నెలలు గడిచాయి. పగలంతా ఇద్దరూ క్లినిక్‌లో ఉంటే, కొంగ ఖాళీ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చునేవాడు. అక్కా అని పిలిచే మనిషి అసలు పేరు అతనికి తెలియదు. అతని పేరు ఆమెకూ తెలియదు. రోజూ ఇంటికి రాగానే, “ఏం బావమరిదీ, తిన్నావా? ఉద్యోగం నిన్ను వెతుక్కుంటూ వచ్చిందా?” అని పలకరించేది డాక్టరొక్కడే. మరే మనిషీ తనను తిన్నావా అని అడిగిన గుర్తు కొంగకు లేదు.

కంప్యూటర్ తెరిచాడు. ఫొటోల మధ్య ఫైలు కనబడింది. తెరుచుకుంది కూడా. ‘కానీ’ కొట్టేసి ‘ఆపు’ అని టైపు చేసి సేవ్ నొక్కాడు.

‘మార్చే అనుమతి మీకు లేదు.’

క్లినిక్‌కు ఫోన్ చేశాడు. ఆమె రిసెప్షన్‌లో ఉంది. వెనక గదిలో డ్రిల్లు గుయ్యిమంటోంది. విప్పి మాట్లాడే వీల్లేదు. బీరువా అంటే పెట్టె, చీర అంటే ఫైలు. ముందే అనుకున్న కోడు.

“అక్కా, బీరువా తెరుచుకుంది. చీర కనబడుతోంది. మడత మార్చబోతే తోసేస్తోంది.”

“ఎందుకైనా మంచిదని పొద్దున్నే నిన్ను ఇంటివాళ్ళలో కలిపాను కదా?”

“కలిపావు. అయినా నా మొహం నచ్చలేదు.”

“నచ్చే మొహమా అది? ఉండు, చూస్తాను.”

పెట్టెలో ఎవరికి ఏ అనుమతులున్నాయో చూసి మార్చే పేజీ క్లినిక్ కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. ఫైళ్ళు మాత్రం ఇంట్లోంచే తెరవాలి. అందుకే ఈ పనికి ఇద్దరు కావలసి వచ్చారు.

“నీ పేరు రెండు చోట్ల ఉంది తమ్ముడూ. ఇంటివాళ్ళలో ఉంది, అతిథుల్లోనూ ఉంది. నువ్వొచ్చిన రోజున మీ బావగారు ఎక్కించింది.”

కొంగకు విషయం అర్థమైంది. అతిథులు చూడవచ్చు, మార్చకూడదు. ఒకచోట సరే అని, ఇంకోచోట వద్దని ఉంటే, ఆ పెట్టె వద్దన్న మాటే వింటుంది. ఎంతమంది రమ్మన్నా వద్దన్నవాడు ఒక్కడుంటే గుమ్మం బయటే.

“అతిథుల్లోంచి తీసెయ్యక్కా.”

ఆమె గొంతు తగ్గించింది. “తీస్తే ఆ కబురు మీ బావగారి ఫోనుకు వెళ్తుంది. చేతులకు గ్లౌజులు ఉన్నంతసేపే ఆయన ఫోను చూడడు.”

“మరి నీ సంగతి?”

“నా సంగతి ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో,” అని చిన్నగా నవ్వింది. మౌస్ టిక్కుమన్న చప్పుడు వినబడింది. “తీసేశాను.”

సేవ్ నొక్కాడు. మళ్ళీ అదే మాట. అనుమతి లేదు.

గోడ గడియారంలో పెద్దముల్లు పన్నెండు పక్కకొచ్చి నిలబడింది. ఫోన్లో డ్రిల్లు ఆగింది. “ఎవరు, బావమరిదేనా?” అన్న డాక్టరు గొంతు దగ్గరగా వినబడింది.

“ఆ, తమ్ముడే. బీరువా గొడవ,” అందామె. లైను తెగిపోయింది.

కొంగ కదలకుండా కూర్చున్నాడు. జాబితాలో పేరు పోయింది. మరి పెట్టె ఎందుకు ఒప్పుకోదు? పొద్దున లాగిన్ అయినప్పటి నుంచీ తను పెట్టె లోపలే ఉన్నాడు. వచ్చినప్పుడు గుమ్మంలో ఎవరని రాసుకుందో, పెట్టెకు ఇప్పటికీ తను వాడే. బయటికి వెళ్ళి మళ్ళీ రావాలి.

లాగౌట్ చేశాడు. పాస్‌వర్డ్ కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఫైలు తెరిచాడు. ‘ఆపు’. సేవ్.

పెట్టె ఏమీ అనలేదు. పెద్దముల్లు పన్నెండు మీదికి జరిగేలోగా ‘ఆపు’ కింద యంత్రం జవాబు వచ్చి పడింది. ‘సరే.’

ఎక్కడో ఒక రైలు ఒక వంతెన దాటిపోయింది. అందులో ఎవరికీ ఏమీ తెలియదు.

కాసేపటికే డిపార్ట్‌మెంటు వాళ్ళు డాక్టర్ని క్లినిక్‌లోనే పట్టుకున్నారు. రిసెప్షన్ కుర్చీ ఖాళీగా ఉంది.

వారం తిరిగాక పెద్దాయన పిలిపించాడు.

“ఆవిడ ఎక్కడుంది సార్?”

“ఏ ఆవిడ?” అన్నాడు పెద్దాయన, కాగితం మీంచి తల ఎత్తకుండా. ఆ కాగితం తిప్పి తనే మాట మార్చాడు.

“డాక్టరు నోరు విప్పడం లేదు. నీ వాళ్ళెవరికైనా కబురు చెయ్యాలా అంటే మాత్రం ఒక్క మాటన్నాడు. మా బావమరిదికి చెప్పండి అన్నాడు.”

“నేనెవరో తెలిసేనా?”

“తెలిసే. ఇంకెవరున్నారు నాకు అన్నాడు. వెళ్తావా? ఇది డ్యూటీ కాదు, నీ ఇష్టం.”

కొంగ లేచి చొక్కా సర్దుకున్నాడు.

“వెళ్తాను సార్. దారిలో ఒక మంచి బ్రష్షు కొంటాను. పళ్ళ డాక్టరు కదా, జైల్లో ఇచ్చేది ఆయనకు నచ్చదు.”