బదులిచ్చిన తోలు

ఒరేయ్ హనుమంతూ, నువ్వు గిది నమ్మినవంటే నేను గుండు కొట్టించుకుంట, పో. దెయ్యాలు లేవు, అంత ఉత్తదే అని క్లాసుల పెద్ద లెక్చర్ దంచినవ్ గదా. బయాలజీల తోపువు గదా. మొత్తం చదివి, గా తర్వాత లైటు బంద్ చేసి పండుకో.. అప్పుడు మాట్లాడు.

మా బాపమ్మ తెలుసు గదా నీకు.. సత్తవ్వ. మా ఇంటికొస్తే నీ చేతిల బెల్లంముక్క పెడ్తది సూడు, గామె. నొసటి నిండ ఈబూది పెట్టుకుంటది. ఎనభై ఏండ్లు రా. ఎంటికలు మాత్రం నల్లగ నిగనిగ, మోకాళ్ళ దాక. నాకేమో ఎలుక తోక. నిజం చెప్తున్న, కుళ్ళు పుడ్తది ఆమెను చూస్తే.

మొన్న ఐతారం ఆమె నెత్తికి నూనె పెడ్తూ ఊకెనే అన్న. "బాపమ్మా, గీ ఎంటికలు నాకు జర బదులియ్యరాదు?"

బదులంటే గదే, పక్కింట్ల గిన్నెడు చక్కెర తెచ్చుకుంటం, మనింట్లకు వచ్చినంక మళ్ళ పోసిస్తం. గట్ల.

బాపమ్మ నవ్వలే. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇస్త బిడ్డా. మళ్ళ ఇయ్యాలె మరి" అన్నది. చెయ్యి సల్లగుండె.

గా ముచ్చట నిన్న చంద్రవ్వకు చెప్పిన. చంద్రవ్వ అంటే మా తాత చెల్లె, పక్క గల్లీల ఉంటది. నవ్వుతదనుకున్న. తినే పళ్ళెం కింద పెట్టేసింది. "నీ నోరు పడ, బదులు అన్నవా? గా మాటనే అన్నవా?" అన్నది. గప్పుడు చెప్పింది మొత్తం. నేను ఒక్క ముక్క కలుపుతలేను.

అరవై నాలుగుల ముచ్చట. మందమర్రిల. మా తాత రాయమల్లు బొగ్గుబాయిల పనిచేస్తుండె. క్వార్టరంటే ఒక అర్ర, ఒక వంటిల్లు, మీద రేకులు. చంద్రవ్వ పడుచు పిల్ల, అన్న దగ్గర్నే ఉండె. తాత పెండ్లాం పేరు సారక్క. అవ్ రా, సత్తవ్వ కాదు. సారక్క మొదటి పెండ్లాం. సత్తవ్వ ఆమె చెల్లె. కవలలు. అచ్చు గుద్దినట్టే ఒక్కతీరు. కన్నతల్లికే తెల్వకపోయేదట ఎవరు ఎవరో. అందుకే పచ్చబొట్లామెను పిలిచి, పెద్దదాని నొసటి మీద మూడు చుక్కలు పొడిపిచ్చింది. చిన్నదానికి ఏం లేదు. గంతే తేడా.

సత్తవ్వ అక్క ఇంటికొచ్చి కొన్నాళ్ళు ఉన్నది. సారక్కకు కడుపుల మంట మొదలైంది.

"మీ బావ నిన్ను చూసి నేననుకొని పిలిచిండట?"

"ఎనుక నుంచి చూసిండక్కా. జడ ఒక్కతీరే ఉంటది గదా."

"అయితే నెత్తి మీద కొంగేసుకో. నా మొగనికి ఒక్క జడ చాలు."

దారం పట్టి జడలు కొలిచేది సారక్క. చెల్లెది పొడుగనిపిస్తే గా పూట అన్నం తినకపోయేది. చంద్రవ్వ ఎక్కిరించేది, "వదినే, ఇద్దరు కడుపుల ఉన్నప్పుడు గూడ గిట్లనే కొట్లాడిండ్రా?" అని. సారక్క నవ్వకపోయేది. "అప్పుడు గూడ నా జాగనే తిన్నది" అనేదట.

ఒకనాడు సత్తవ్వ నెత్తి పోసుకొని బొగ్గుల కుంపటి ముందట ఎంటికలు ఆరబెట్టుకుంటుంది. సారక్క ఎనుక కూసోని దువ్వుతుంది. చంద్రవ్వ బయట నల్లా కాడుంది. అరుపు ఇనవడ్డది. ఉరికొచ్చేవరకు సత్తవ్వ ఎడమదిక్కు నెత్తంత మండుతుంది. సారక్క నిలబడి చూస్తుంది. చేతుల దువ్వెన అట్లనే ఉంది.

సత్తవ్వ బతికింది. నెత్తి మీద తోలు మాత్రం పోయింది. దవాఖానల ఒక కొత్త డాక్టరు ఉండె, గీ తోలు ముచ్చట్లంటే పిచ్చి ఆయనకు. "వేరేటోళ్ళ తోలు అతికితే కొన్ని దినాలకు ఊడిపోతది. కవలలది అయితే నిలుస్తది. అక్క నెత్తి నుంచి పలుచగ తీస్త. ఎంటికల కుదుళ్ళు లోపల ఉంటయ్ గదా, గా కుదుళ్ళ నుంచే కొత్త తోలు పాకుతది, అక్కకు ఎంటికలు గూడ మళ్ళ వస్తయ్" అన్నడు. నువ్వే చెప్పు రా, నిజమే గదా? నీ పుస్తకంల గూడ గదే ఉంటది.

వార్డుల అందరు చూస్తుండ్రు. సారక్క కాదనలేదు. చెల్లె చెవుల నోరు పెట్టి మెల్లగ అన్నది. "ఊకె ఇస్తలేను సత్తీ. బదులిస్తున్న."

కట్లల నుంచి సత్తవ్వ తలకాయ ఊపింది.

డాక్టరు కత్తి జర లోతుకు పోయింది. కుదుళ్ళతో సహా వచ్చేసినయ్. సత్తవ్వ నెత్తి మీద తోలు అతుక్కున్నది, ఎంటికలు బుసబుస పెరిగినయ్. సారక్కకు పుండు మానింది గానీ.. గాడ ఒక్క ఎంటిక రాలే. అరచెయ్యంత బోడి. కొంగు తియ్యకపోయేది. రోజు చెల్లె ముందట కూసోని గా ఎంటికలనే చూసేదట.

"నా ఎంటికలకు నూనె పెట్టినవా?"

"పెట్టినక్కా."

"గట్టిగ గుంజకు. నాకు నొప్పిలేస్తుంది."

వానకాలంల సారక్కకు పసిరికలు అయినయ్. కండ్లు పచ్చగై, మనిషి గుంజుకపోయింది. సచ్చే ముందు చెల్లె జడ పట్టుకున్నది. ఇడిపిస్తే రాలే. "నా బదులు యాదికున్నదా?" అన్నది. గంతే.

మళ్ళ పెద్దమనుషులు కూసోని సత్తవ్వనే రాయమల్లుకు చేసిండ్రు. గట్ల రెండో పెండ్లాం వస్తే, సచ్చినామె పేరు మీద ఒక చిన్న వెండిబిళ్ళ మెడల కట్టుకుంటది. కొత్త చీర కట్టినా, పూలు పెట్టినా ముందుగాల గా బిళ్ళకు చూపియ్యాలె. లేకుంటే సచ్చినామె ఓర్సుకోదు. చంద్రవ్వ బిళ్ళ తెచ్చి కట్టబోతే సత్తవ్వ నవ్విందట.

"అక్క నా నెత్తి మీదనే ఉంది గదా చంద్రీ. మళ్ళ మెడల ఎందుకు?"

అందరు నవ్విండ్రు. గా నవ్వే తప్పు.

ముందుగాల పూలు. తాత చెన్నూరు నుంచి మల్లెపూలు తెస్తే జడల పెట్టుకున్నది. కుడిదిక్కు పూలు మంచిగనే ఉన్నయ్. ఎడమదిక్కువి గడియల నల్లవడ్డయ్. మాడిన ఎంటికల వాసన. ఇంట్ల పొయ్యి గూడ అంటువెట్టలేదు.

తర్వాత దువ్వుడు. చంద్రవ్వ దువ్వుతుంటే ఆమె చెయ్యి పట్టుకొని గుసగుసగ అన్నది సత్తవ్వ. "మెల్లగ దువ్వు.. అక్క లేస్తది."

అతికిచ్చిన తోలుకు ఒక అంచు ఉండె, సన్న తాడు లెక్క. గా అంచు జరుగుతుందని సత్తవ్వకు అనుమానం. చంద్రవ్వతోని అంచు పొంటి కాటుకతోని గీత గీపిచ్చింది. తెల్లారి చూస్తే అంచు గీతను దాటింది. మళ్ళ గీసిండ్రు. మళ్ళ దాటింది. నొసటి మీదికి.. చెవు మీదికి..

జర ఆగు రా, నొసలు ఒక్కతీరు దురద పెడ్తుంది. దోమ కుట్టినట్టుంది.

ఆఁ. సత్తవ్వ ఏములాడ గుడికి పోయి గుండు చేపిచ్చుకున్నది. మంగలాయన నున్నగ గీకిండు. బస్సు దిగి ఇంటికొచ్చేవరకు చీకటి పడుతుంది. తాత రెండో షిఫ్టుకు పోయిండు. రేకుల మీద వాన. ఇంట్ల ఇద్దరే, ఒక గ్యాసునూనె బుడ్డి. సత్తవ్వ నెత్తి మీది కొంగు తీసింది.

కుడిదిక్కు బోడి.

ఎడమదిక్కు ఎంటికలు.. భుజం దాక.

సత్తవ్వ అద్దం ముందట కూసోని నొసలు గోక్కుంటుంది. గోక్కుంటనే ఉంది. "దురద చంద్రీ.. లోపల నుంచి దురద.." నెత్తురు రాలే. తోలు కింద ఏదో పచ్చగ కనవడ్డది. చెమట పోసినట్టు మెల్లగ పైకి తేలింది.

ఒక చుక్క.

ఇంకో చుక్క..

మూడు.

గోకుడు ఆగింది. వాన సప్పుడు గూడ ఇనవడలేదట చంద్రవ్వకు. సత్తవ్వ అద్దంలకెళ్ళి చంద్రవ్వనే చూసింది. గొంతు మాత్రం సత్తవ్వది కాదు, బరువుగ..

"గా సత్తి మళ్ళ వచ్చిందా నా ఇంటికి?"

చంద్రవ్వ గోడకు అంటుకపోయింది. "వదినే.. నువ్వే గదా సత్తవ్వవు.." అన్నది.

"బదులు తెచ్చుకున్నది ఇచ్చేటప్పుడు తక్కువ పోస్తరా చంద్రీ? గిన్నె నిండ పోసి, మీద ఇంకో పిడికెడు పోస్తరు." చెయ్యితోని బోడిదిక్కు సవరించుకుంటుంది. "అరచెయ్యంత ఇచ్చిన. మొత్తం తీస్కున్న."

తెల్లారి నుంచి నొసటి నిండ ఈబూది. రాత్రి గూడ తుడవదు. పేరు మాత్రం సత్తవ్వనే, తాత గూడ గట్లనే పిలిచిండు. మా బాపు తర్వాత పుట్టిండు. మరి తాతకు తెల్వదా అంటే చంద్రవ్వ కింద పెట్టిన పళ్ళెం తీస్కొని లేసిపోయింది.

నవ్వుతున్నవా? నవ్వు. నేను గూడ నిన్న నవ్విన. ముసల్ది తిక్కల ముచ్చట చెప్తుందనుకున్న. గానీ పొద్దున దువ్వుకుంటుంటే దువ్వెన ఎడమదిక్కు ఆగింది రా. గాడ నా ఎంటికలు దొడ్డుగున్నయ్. నల్లగ. మంచిగనే ఉన్నయ్ అనుకున్న.. ఖుషీ గూడ అయిన.

నేను అర్రల తలుపు పెట్టుకొని కూసున్న. బాపమ్మ అవతల వాకిట్ల మంచం మీద పండుకుంది. ఇంట్ల ఇంకెవరు లేరు.

ఆగు, పిలుస్తుంది.

"బిడ్డా.. దువ్వెన పట్టుకొని రా.." అంటుంది.

మళ్ళ పిలుస్తుంది.

"నొసలు గోక్కోకు బిడ్డా."

హనుమంతూ, నేను గోక్కుంటున్నట్టు ఆమెకెట్ల

ఆఁ వస్తున్న బాపమ్మా