మూడో వరుస కిటికీ సీటు

మొదటి సభకు మూడు వందల కుర్చీలు వేశారు. పంతొమ్మిది మంది వచ్చారు.

గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు బ్యానరు కట్టారు. 'అందరి ఊరు: ముప్పై ఏళ్ల తర్వాత మన ఊరు ఎలా ఉండాలో మీరే చెప్పండి' అని. వచ్చిన పంతొమ్మిది మందీ రిటైరైనవాళ్లే. పార్కులో బెంచీలు కావాలని తలా ఒక చీటీ రాసిచ్చి ఏడున్నర కల్లా ఇళ్లకు పోయారు. ఈ పని కోసం నగర కార్యాలయం ఆరు నెలల కాంట్రాక్టు మీద పిలిపించుకున్న అమ్మాయి మొహం వేలాడేసుకుని ఖాళీ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా తలుపు దగ్గర ఒకతను కనిపించాడు. నీలం యూనిఫారం, చేతిలో టోపీ, చెవి మీద పెన్సిలు. అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందని చెప్పింది. అందరూ రావచ్చని పేపర్లో వేశారు కదా అన్నాడు. ఆరింటికి రమ్మని కూడా వేశాం కదా అంది, కుర్చీల వైపే చూస్తూ.

"ఆరింటికి ఊరంతా నా బస్సులో ఉందండీ. నిలబడి," అన్నాడు. "మీరు పిలిచిన ఆ అందర్నీ ఇళ్ల దగ్గర దించి వచ్చేసరికి ఈ టైమైంది."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. అతను తప్పు మాట్లాడి ఉంటే అంత కోపం వచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఐదూ పదికి డిపో గేటు దగ్గర అతను తోలే నలభై రెండో నంబరు బస్సెక్కింది. చంకలో ఖాళీ చీటీల పెట్టె, చేతిలో చుట్టిన పటం. అతను ఆమెను చూశాడు. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని తన నెత్తి మీదున్న బోర్డుకేసి వేలు చూపించాడంతే. మూడో వరుసలో కిటికీ పక్క సీటొకటి ఖాళీగా ఉంది. అందులో కూర్చుంది. అక్కణ్ణుంచి చూస్తే అతని ముందున్న పెద్ద అద్దం కనిపిస్తుంది. ఆ అద్దంలోంచి అతనికి ఆ సీటూ కనిపిస్తుందని ఆమెకు వారం రోజులకు గాని తట్టలేదు.

ఆ రోజు నుంచి సభ బస్సులోనే. ఆస్పత్రిలో నేల తుడిచే ఆవిడ, హోటల్లో దుప్పట్లు ఉతికే అక్కాచెల్లెళ్లు, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికెళ్లే వాచ్‌మన్, ఒక్కొక్కరి పక్కనా కూర్చుని అదే ప్రశ్న అడిగేది. రాయడం రానివాళ్లు చెబితే తనే రాసేది, రాసింది వాళ్లకు చదివి వినిపించేది. చెప్పిన మాట మార్చకూడదు. చీటీ మీద పేరుండకూడదు. అడిగేవాళ్లు తమ చీటీ రాసుకోకూడదు. ఆమె పనికి ఉన్న నియమాలు ఇవే. మేం పనికి బయల్దేరేదాకా వీధి దీపాలు ఆర్పొద్దని ఒకరు రాయించారు. బస్సు మెట్టు తన మోకాళ్లకు అందేలా ఉండాలని ఇంకొకరు. నెల తిరక్కుండా ఆమెకు 'చీటీలమ్మాయి' అని పేరు పడింది. ఆమె అతణ్ణి 'నలభై రెండు గారూ' అని పిలిచేది. అతను ఆ పిలుపుకు మొదటిసారి నవ్వు ఆపుకోలేక బ్రేకు కాస్త గట్టిగా తొక్కాడు.

ఒక పొద్దున పటం విప్పితే బస్సు బస్సంతా దాని మీదికి వంగింది. ఒక్క మనిషి మాత్రం కూర్చున్న చోటే కూర్చున్నాడు. పేము కుర్చీలు అల్లే ముసలాయన. ఆయనకు చూపు లేదు. అందరూ కుర్చీల తాత అంటారు.

"నాకేదమ్మా పటం?" అన్నాడు, మామూలుగా.

ఆమె పటం చుట్టేసింది.

ఆఖరి స్టాపులో బస్సు ఏడు నిమిషాలు ఆగుతుంది. ఆ ఏడు నిమిషాలే డ్రైవరుతో మాట్లాడొచ్చు. ఆ రోజు ఆమె కళ్లు ఎర్రగా ఉండడం చూసి, అతను ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చి, మా అమ్మ బట్టలు కుడుతుంది, ఊరు కూడా కుడుతుందేమో అడిగి చూద్దాం అన్నాడు.

మూడు ఆదివారాలు పట్టింది. తల్లీ కొడుకూ ఉండే ఇల్లు రెండు గదులే. కుట్టు మిషను పక్కన పాత దుప్పటి పరిచి దాని మీద ఊరు కుట్టింది ఆవిడ. పెద్ద రోడ్లకు తాడు, సందులకు దారం, కాలువకు జారిపోయే శాటిన్ రిబ్బను, స్టాపు స్టాపుకూ ఒక బొత్తాం. చీటీలమ్మాయి దుప్పటి అంచు పట్టుకుని దారి చెప్పేది. అతనికి సూదిలోకి దారం ఎక్కించే పని.

"సూది చూడమంటే ఎటురా చూస్తున్నావ్? ఇది బస్సు కాదు, ఇక్కడ అద్దం లేదు," అంది తల్లి, తల ఎత్తకుండానే.

అతని చెవులు ఎర్రబడ్డాయి. చీటీలమ్మాయి కాలువ కేసి వంగి రిబ్బను సరిచేసింది, అది సరిగ్గానే ఉన్నా.

సోమవారం ఆ దుప్పటి కుర్చీల తాత ఒళ్లో పరిచారు. తాత తాడు వెంట వేళ్లు పాకించుకుంటూ వెళ్లి, మూడో మలుపులో ఒక బొత్తాం దగ్గర ఆగి, ఇదే కదమ్మా మా ఇంటి స్టాపు అన్నాడు. దిగేముందు చీటీ రాయించాడు: 'ఊరు నా చేతికి అందాలి.'

వానలు మొదలయ్యాయి. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతుంటే చీటీలమ్మాయి వేలితో గీతలు గీసేది. తల ఎత్తితే డ్రైవరు ముందున్న అద్దంలో రెండు కళ్లు. ఎత్తీ ఎత్తగానే ఆ కళ్లు రోడ్డు మీదికి పోయేవి. రోడ్డు మీదే ఉండాలి మరి, బస్సు నిండా జనం. కళ్లు అటు వెళ్లినందుకు ఆమెకు ధైర్యం, వెళ్లినందుకే బెంగ. ఈ రెండూ ఒక మనిషికి ఒకే స్టాపులో కలుగుతాయని ఆమె అంతకుముందు ఎరగదు.

ఏడేసి నిమిషాల్లో ఎంత చెప్పుకోగలరు? ఒకరోజు ఆమె తన బట్టల పెట్టె సంగతి చెప్పింది. ఇది ఆమెకు ఐదో ఊరు. ప్రతి ఊళ్లోనూ ముప్పై ఏళ్ల సంగతులు అడిగి ఆరు నెలలకు వెళ్లిపోతుంది. అద్దె గదిలో మంచం కింద పెట్టె సగమే విప్పుతుంది. ఏమే, ఈ ఊళ్లోనైనా పెట్టె అడుగు కనిపించిందా అని అక్క ఫోన్లో ఏడిపిస్తుంది. ఇంకోరోజు అతను తన సంగతి చెప్పాడు. పుట్టింది ఈ రూట్లోనే, తోలేదీ ఈ రూట్లోనే. రోజంతా వెళ్తూనే ఉంటాను, ఎంత వెళ్లినా బయల్దేరిన చోటుకే వస్తాను అని నవ్వాడు.

అతను చీటీ మాత్రం రాయలేదు. వారం వారం అడిగేది. ఆలోచిస్తున్నానండీ అనేవాడు. ముప్పై ఏళ్ల మాట కదా, తొందరేముంది అనేవాడు.

తొందర ఆమెకే ఉంది. ఆరో నెల వచ్చేసింది. ఆఫీసు పెద్దాయన పిలిచి, చీటీలన్నీ పుస్తకంలోకెక్కి అక్కడే పడుకోకుండా చూసేందుకు ఒక మనిషి కావాలి, జీతం తక్కువే గాని ఉద్యోగం శాశ్వతం, ఉండిపోతావా అమ్మాయ్ అని అడిగాడు. శనివారం మధ్యాహ్నం లోపు చెప్పమన్నాడు. ఆరో ఊరు కూడా ఆమెను రమ్మంది. శనివారం పొద్దున్న రైలుకు టికెట్టు పంపింది. ఆ టికెట్టు సంగతి ఆఖరి స్టాపులో అతనికి చెప్పింది.

ఆమె పెద్దాయనకు జవాబు చెప్పలేదు. వదిలి వెళ్లడం ఆమెకు అలవాటే. ఉండిపోయాక, నువ్వెందుకున్నావని ఎవరైనా వింతగా చూస్తే ఆ చూపుని తట్టుకోవడం అలవాటు లేదు. ఉద్యోగం ఉండమంది. మనుషులెవరూ అనలేదు.

గురువారం నాడు చీటీలన్నీ హాలు గోడలకు అంటించారు. ఇళ్లు, నీళ్లు, చెట్లు, బడులు, రవాణా అని ఐదు వరుసలు. ఎవరి మాట వాళ్లు వెతుక్కుని, తప్పు చోట ఉంటే చెప్పి మార్పించుకోవచ్చు. ఈసారి హాలు పొద్దున ఐదింటికే తెరిచారు. ఏ షిఫ్టు వాళ్లకు ఆ షిఫ్టు కుదిరేలా రాత్రి తొమ్మిది దాకా ఉంచుతామన్నారు. జనం ఒకరి భుజాల మీంచి ఒకరు చూస్తున్నారు. కుర్చీ వేయడానికి చోటు లేదు.

మధ్యాహ్నం రెండున్నరకు వానలో తడిసి అతను వచ్చాడు. గోడ పొడుగునా నడిచి, ఒక చోట ఆగి, వెనక్కి వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"నా చీటీ తప్పు వరుసలో ఉందండీ."

అతను చీటీ వేసిన సంగతే ఆమెకు తెలియదు. పోయిన వారం పెట్టెలో వేశాట్ట. చీటీలు విడదీసింది ఆఫీసు పెద్దాయన.

"ఎక్కడుంది?"

"రవాణాలో. 'ప్రయాణికుల సంఖ్య పెంచాలి' అన్నదాని కింద."

"ఎక్కడ ఉండాలి మరి?"

"అదే చూస్తున్నా. దానికి ఇక్కడ వరుస లేదు."

గోడ మీది చీటీ కదిపే ముందు పైకి చదవాలని హాల్లో నియమం. ఆమె స్టూలెక్కి, చీటీ ఊడదీసి, అలవాటు కొద్దీ అందరికీ వినబడేలా మొదలుపెట్టింది. 'నలభై రెండో నంబరు బస్సులో మూడో వరుస కిటికీ సీటు ముప్పై ఏళ్ల తర్వాత కూడా...' మిగిలిన రెండు మాటలూ లోపలే చదువుకుంది. 'ఖాళీగా ఉండకూడదు.'

స్టూలు దిగడం మర్చిపోయి అలాగే నిలబడింది. బయట వాన రేకుల మీద దబదబా కురుస్తోంది.

"ఊరందర్నీ అడిగారు," అన్నాడతను మెల్లగా. "మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మీకేం కావాలని?"

"అడిగేవాళ్లు రాయకూడదండీ."

"రాయొద్దు. చెప్పండి."

చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చి, అక్కడ నుంచి భయపడి వెనక్కి వెళ్లింది. అతను గోడ గడియారం చూశాడు. రెండూ యాభైకి ట్రిప్పు. టోపీ పెట్టుకున్నాడు.

"శనివారం స్టేషనుకు వెళ్లేది నా బస్సేనండీ. రైలు టైముకు చేరుస్తాను. ఆ దిగులు పెట్టుకోకండి."

అదొక్కటే దిగులైతే ఎంత బావుండేది.

సాయంత్రం అతని తల్లి వచ్చింది, హాల్లో వేలాడదీయడానికి దుప్పటి పటం తీసుకుని. దాన్ని విప్పి ఒక సందు చివర ఆమె వేలు పట్టుకుని ఆనించింది. గోరంత తెల్ల బొత్తాం. అక్కడ స్టాపు లేదు. ఉన్నది ఆమె అద్దె గది.

"ఇదెప్పుడు కుట్టారు?"

"నిన్న. ఊరంతటికీ చోటు చూపించావు, నీది మర్చిపోయావు. మావాడు నాతో ఏమీ చెప్పలేదమ్మా, వాడు చెప్పే రకం కాదు. చెప్పకపోతే మాత్రం నాకు తెలీదా?" ఆవిడ బొత్తాం ఒకసారి లాగి చూసింది. "నాలుగు పేటల దారంతో కుట్టాను. నువ్వుంటానంటే నాకు సంతోషం. వెళ్లినా ఇది ఊడదు."

శనివారం పెట్టె పట్టుకుని బస్సెక్కింది. మూడో వరుసలో కుర్చీల తాత కూర్చుని ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు వినగానే పక్కకు జరిగాడు. సీటుకు కాపలా ఉన్నానమ్మా, ఇంకెవరో కూర్చోబోతే కసిరాను అన్నాడు.

దారి పొడుగునా వాన. అద్దంలో కళ్లు ఒక్కసారి కూడా ఆమె వైపు రాలేదు. రాకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాయో అద్దం చెబుతూనే ఉంది.

స్టేషను వచ్చింది. తలుపు తెరుచుకుంది. వాన జల్లు లోపలికి కొట్టింది. ఎవరూ కదల్లేదు. ఎప్పుడూ అర నిమిషం ఆగే బస్సు రెండు నిమిషాలు ఆగింది. పనికి ఆలస్యమవుతుందని దుప్పట్లు ఉతికే అక్కాచెల్లెళ్లు కూడా అనలేదు.

"స్టేషనొచ్చిందా?" అని అడిగాడు తాత.

వచ్చింది తాతా అన్నారెవరో.

"మరి ఎవరూ దిగినట్టు వినబడలేదే."

అప్పుడు అద్దంలో కళ్లు వచ్చాయి. చీటీలమ్మాయి ఆ కళ్లలోకే చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, మూడుసార్లు, సరిగ్గా కనిపించలేదేమోనన్న భయంతో. తలుపు మూసుకుంది.

ఆఖరి స్టాపులో అందరూ దిగారు. తాత దిగడానికి మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుని, మెట్టు మీద నిలబడి నవ్వుకుని దిగాడు. ఆమె అతని పక్కకు వచ్చి, బోర్డు వైపు చూసి, ఇప్పుడు మాట్లాడొచ్చు కదా అని అడిగింది.

"నిన్న సాయంత్రంతో నా కాంట్రాక్టు అయిపోయింది. ఇవాళ నేను అడిగేదాన్ని కాదు. ఊళ్లో మనిషిని. రాయొచ్చు."

ఒక నిమిషం ఆఫీసు పెద్దాయనకు ఫోను చేసి, ఇక్కడే ఉంటానని చెప్పడానికి పోయింది. ఆయన సంతోషంతో ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆమె పెట్టేసింది. మిగిలిన నిమిషాల్లో ఒకటి అతని చెవి మీది పెన్సిలు తీసుకుని చీటీ రాయడానికి పోయింది. రాసి అతని చేతికిచ్చింది.

అతను నియమం ప్రకారం పైకి చదివాడు. 'ఆఖరి స్టాపులో బస్సు ఏడు నిమిషాలే ఆగుతోంది. చాలడం లేదు.'

చదివి తల ఎత్తి, మధ్యలో అద్దం లేకుండా, తిన్నగా చూశాడు.

"దీన్ని ఏ వరుసలో పెట్టాలండీ?"

"ఇది మాత్రం రవాణాయే," అంది ఆమె, తన పెట్టె జరిపి అతని కాళ్ల పక్కన పెడుతూ.