పైపులైను పక్క బావి

పలమనేరు దాటాక మా తమ్ముడు హేమచంద్ర పొలం. నేను వెళ్లేసరికి పొద్దుగూకుతోంది. మరదలు కోమలి పాలు కేంద్రానికి పంపి చేతులు కడుక్కుంటోంది. చూడ్డానికి ఎప్పటి ఇల్లే. తమ్ముడు పోయి నెల కూడా కాలేదు.

వాడి పొలం కింద పెట్రోలు పైపు పోతుంది. పాతది, తుప్పు పట్టింది. వేసవి నుంచి బావిలో ఒకటే వాసన. కంపెనీ మనిషి వచ్చి, "నువ్వు బోరు వేయించినప్పుడు దెబ్బ తగిలుంటుంది. తవ్వి బాగుచేసే ఖర్చు నీదే" అన్నాడు.

"మీ పైపు తుప్పుకు నేను దుడ్డు కట్టాల్నా సారూ? రేపు మీకు జలుబు చేస్తే మా ఆవుకు సూదేస్తారా?" అన్నాడట వాడు. అందరూ నవ్వారు. పైపును మాత్రం ఎవరూ తవ్వలేదు.

తర్వాత బావిలో మోటారు చెడింది. మా నాయన బావిలో దిగేముందు వెలిగించిన దీపాన్ని బొక్కెనలో పెట్టి దించేవాడు. ఆరిపోతే దిగేవాడు కాదు. నిలిస్తే "గాలి బాగుండాది" అని కేకేసి దిగేవాడు. తమ్ముడికి తెలిసిన జాగ్రత్త అదొక్కటే. అదే చేశాడు. బావి భగ్గుమంది. ఒడ్డున వంగి చూస్తున్నవాడు లోపల పడ్డాడు.

నేను వెళ్లిన ఆ సాయంత్రం కరెంటు పోయింది. కొట్టంలో ఆవులు నెమరు ఆపేశాయి. పెట్రోలు వాసన గడప దాటి లోపలికి వస్తోంది... ఇంట్లో కోమలి లేదు.

బావి దగ్గరుంది. బొక్కెనలో ప్రమిద. చేతిలో అగ్గిపెట్టె. పుల్ల గీస్తే ఇద్దరం మిగలం.

"ఏం చేస్తా ఉండావే?"

"ఉష్... వదినా, ఆయన పిలస్తా ఉండాడు."

నేనూ విన్నాను. అడుగునుంచి, అలసిన గొంతు... మా వాడిదే.

"గాలి బాగుండాది కోమలీ... దిగిరా..."

అగ్గిపెట్టె లాక్కుని బురదలో తొక్కాను. కోమలి రక్కింది.

"ఒక్కసారి సూసుకుంటా వదినా! ఆ పొద్దు మొగం కూడా సూడనీలేదు గదా మీరు!"

నిజమే. చూపించడానికి మొహం లేదు.

ఇంట్లోకి ఈడ్చుకొచ్చి గడియ పెట్టాను. నా ఒళ్లో ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

బావిలో మాటలు ఆగలేదు. వాడు ఏదో చెబుతున్నాడు... ఒక ఆడగొంతు మెల్లగా నవ్వుతోంది. పెళ్లయిన కొత్తలో కోమలి అట్లాగే నవ్వేది.

ఒళ్లోకి చూశాను. కోమలి పెదవులు కదలడం లేదు.