నాలుగు వందల పదమూడో బాక్సు

రామగుండం జ్యోతినగర్‌లో మూడంతస్తుల క్వార్టర్ మీద డిష్ బిగిస్తూ కిషన్ కింద పడి చనిపోయాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు, నడి ఎండలో, కాలనీ పిల్లలు బడి నుంచి అన్నానికి వచ్చే వేళ. కాలు జారిందన్నారు అందరూ. పంచనామాలో కూడా అదే రాశారు. నడుముకు కట్టుకున్న తాడు తెగిపోలేదనీ, కత్తితో కోస్తే తెగిందనీ గమనించినవాడు ఒక్కడే. ఆయన పేరు జగదీశ్వర్. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడమే ఆయన ఉద్యోగం.

మర్నాడు ఉదయం ఆరింటికి హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, ఆయన ఎదురుగా ఉజైర్ కూర్చున్నాడు. వయసు ముప్పై ఎనిమిది. ఈ గూఢచారి డిపార్ట్‌మెంటులో చేరి పద్నాలుగేళ్ళు.

"కిషన్ మన మనిషి," అన్నాడు చీఫ్ జగదీశ్వర్. "నాలుగు నెలలుగా నింగి టీవీలో టెక్నీషియన్. చివరి మెసేజ్ చూడు."

ఫోన్‌లో నాలుగే ముక్కలు. 'ఒక బాక్సు బరువు ఎక్కువ.'

"నింగి టీవీ అంటే?"

"కొత్త డీటీహెచ్ కంపెనీ. రామగుండం, గోదావరిఖని కోసమే 'నల్లబంగారం ప్యాక్' అని తెచ్చింది. ఫోర్ కే బాక్సు, మాట్లాడితే చానల్ మార్చే రిమోట్, రెండు వందల గంటల రికార్డింగ్. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి నూట ఎనభై చానళ్ళు. జనం ఎగబడుతున్నారు. కంపెనీకి పాపం ఏమీ తెలీదు. దాని చాటున విదేశీ ముఠా ఒకటి దూరింది."

"బాక్సులో బాంబు?"

"అవును. ప్రతి బాక్సుకూ ఒక నంబర్ ఉంటుంది. ప్యాక్ అయిపోయిందని మీ ఒక్క ఇంటికే మెసేజ్ వస్తుంది చూడు, అలా. శాటిలైట్ నుంచి ఆ నంబర్‌ను పిలిస్తే ఆ ఒక్క బాక్సే పలుకుతుంది. ఈసారి పలికితే పేలుతుంది. సిగ్నల్ పంపేది సముద్రంలో ఉన్న ఓడ నుంచి. మనం ఆపలేం. ఇవాళే పంపుతారని పక్కా సమాచారం. టైం తెలీదు. చోటు తెలీదు."

"నేనే ఎందుకు సార్?"

"నువ్వు పుట్టిందే అక్కడ."

నాన్న చనిపోయినప్పుడు ఉజైర్ వేరే దేశంలో, వేరే పేరుతో ఉన్నాడు. జనాజాకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పే హక్కు లేదు. అన్న అస్గర్ ఆ రోజు నుంచి అతనితో మాట మానేశాడు. ఆరేళ్ళయింది. ఆ గడప తొక్కే ధైర్యం, తుపాకులకు ఎదురెళ్ళిన ఈ మనిషికి ఇప్పటికీ రాలేదు.

చీఫ్ బల్ల మీద ఒక సిగ్నల్ మీటర్ పెట్టాడు. చూడ్డానికి డిష్ మెకానిక్‌లు వాడేదే. కానీ చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్లలో పనిచేస్తున్న నింగి బాక్సులెన్నో ఇది లెక్కపెడుతుంది.

"అక్కడ మనకు సమాచారమిచ్చే మనిషి మమత. నింగి టీవీ ఏరియా మేనేజర్. 'వానొస్తే సిగ్నల్ పోతుందా' అని అడుగు. 'మబ్బుకే పోతుంది' అంటే ఆమే."

*

పన్నెండింటికి ఉజైర్ గోదావరిఖనిలో దిగాడు. ఆకాశం రంగు టీషర్టు, టోపీ, భుజాన కేబుల్ చుట్ట. మెడలో కార్డు మీద పేరు శివ. చౌరస్తాలో కొత్త షోరూం ముందు మైకు చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. లోపల ఏసీ చల్లదనంలో నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. ఇంత దుమ్ములో ఆ చీరకు ఒక్క మరక అంటకపోవడం ఉజైర్‌కు ఎందుకో నచ్చలేదు.

"మేడమ్, వానొస్తే సిగ్నల్ పోతుందా?"

"మబ్బుకే పోతుంది," అని నవ్వింది మమత. లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

రిజిస్టర్‌లో బిగించిన బాక్సులు నాలుగు వందల పన్నెండు. ఉజైర్ చేతిలోని మీటర్ నాలుగు వందల పదమూడు చూపిస్తోంది.

"ఆ ఒక్కటీ జ్యోతినగర్‌లో, ఇంజనీర్ల క్లబ్బులో ఉంది," అంది మమత, అడగకముందే. "కిషన్ దాన్ని కనిపెట్టే చనిపోయాడు. ముందు అక్కడికెళ్ళు."

అడగకుండా దొరికే సమాచారం మీద ఉజైర్‌కు పద్నాలుగేళ్ళుగా అనుమానమే. జ్యోతినగర్ క్లబ్బుకు ఫోన్ చేస్తే అసలు అక్కడ టీవీయే లేదన్నారు. అతను కిషన్ జాబ్‌షీట్ తీశాడు. చనిపోవడానికి ముందు రోజు వెళ్ళిన ఇల్లు, కార్మికుల క్వార్టర్స్‌లో సారవ్వది. కంపెనీ బైకు అటు తిప్పాడు.

సారవ్వ గడపలోనే పట్టుకుంది. "గిప్పుడచ్చినవా బిడ్డా? మూడు దినాలాయె చెప్పి. గీ డబ్బాల అన్ని చానళ్ళస్తున్నయి, నాకు గావాల్సిన భజనల చానలు తప్ప."

"చూస్త అవ్వా. మొన్న వచ్చిన మెకానిక్ చెయ్యలేదా?"

"ఆ పిలగాడు మంచోడే. గని నడుమనే మేడమ్ ఫోన్ చేసి బొగ్గుబాయి కాడికి పిలిసింది. ఎర్రగుట్ట బాయి లేదా, ఆడ ఇంజిన్ రూంల ఉత్తగనే బిగిచ్చిందట. మా ఉపేందర్ చెప్పిండు. వాడు ఆన్నే, మనుషులు దిగే కేజీ కాడ గంట కొడ్తడు. అండ్ల మాత్రం భజనలు మస్తు అస్తున్నయట! మాకియ్యనీకి చెయ్యిరాలె."

ఉజైర్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఇంజిన్ ఎవరు నడుపుతరు అవ్వా?"

"రెండో షిఫ్టా? అస్గర్. గాయన చెయ్యి పడితే కేజీల నీళ్ళ గిలాస వెట్టినా తొణకది."

అప్పుడు టైం రెండూ నలభై. మూడింటికి రెండో షిఫ్టు మొదలవుతుంది. మూడు వందల మీటర్ల లోతుకు మనుషుల్ని దించే ఇనుప బోను ఆ కేజీ, ఇంజిన్ గదిలోని ఒక్క తాడు మీద వేలాడుతూ దిగుతుంది. ఉజైర్ సారవ్వ ఇంట్లోంచి ఎలా బయటపడ్డాడో అతనికే గుర్తులేదు.

*

బాంబు ఎన్నింటికి పేలుతుందో మమతకే తెలుసు. షోరూం లోపలి గది తలుపు తన్ని తెరిచాడు. మమత అప్పటికే సూట్‌కేసు సర్దుకుంటోంది.

"ఎర్రగుట్ట బాయి," అన్నాడు.

ఆమె మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత బాక్సు అట్టపెట్టెలోంచి చిన్న పిస్టల్ బయటికి వచ్చింది.

"తెలివైనవాడివే. కానీ ఆలస్యం. మూడూ ఇరవైకి సిగ్నల్. అప్పటికి కేజీలో ముప్పై మంది ఉంటారు."

"ఏం సాధిద్దామని?"

"ఇక్కడ ఏ బాయిలో ఒక్క మనిషి పోయినా ఆ పూట ఎవరూ దిగరు. పని వదిలేసి ఆ బాయి దగ్గరికి పోతారు. అది వీళ్ళ ఆచారం. ముప్పై మంది పోతే నెల దాకా దిగరు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది. మా వాళ్ళు వీళ్ళ ఆచారాలన్నీ చదువుకునే వచ్చారు." ఆమె నవ్వింది. "వెళ్ళి వైరు పీకు. మూత తియ్యి. బిగించాక ఎవరు ముట్టుకున్నా అప్పుడే పేలుతుంది. కిషన్ బిగించేటప్పుడు బరువు కనిపెట్టాడు, మళ్ళీ ముట్టుకోలేదు కాబట్టే మేం తాడు కొయ్యాల్సొచ్చింది."

ఉజైర్ భుజం మీది కేబుల్ చుట్ట గాల్లో లేచి ఆమె మణికట్టుకు చుట్టుకుంది. తూటా సీలింగ్‌లోకి పోయింది. మరో రెండు క్షణాల్లో మమత అదే కేబుల్‌తో కిటికీ ఊచలకు కట్టేసి ఉంది. కిషన్ చివరి మెసేజ్ గుర్తొచ్చి ఉజైర్ ఆ ముడి కాస్త గట్టిగానే వేశాడు.

బైకు మీద నుంచే చీఫ్‌కు ఫోన్.

"గని మేనేజర్‌కు చెప్పించండి సార్. దింపుడు ఆపాలి."

"చెప్పిస్తా. కానీ ఆర్డర్ పై నుంచి కిందికి రావడానికి పదిహేను నిమిషాలు పడుతుంది."

"నాకున్నవి తొమ్మిది."

*

మూడూ పదహారు. ఎర్రగుట్ట బాయి. హెల్మెట్లు, టోపీ లైట్లు, టిఫిన్ డబ్బాలతో వంద మందికి పైగా కేజీ కోసం లైన్‌లో ఉన్నారు. ఉజైర్ గేటు దూకి లోపల పడ్డాడు.

"ఆపున్రి! ఇంజిన్ రూంల బాంబున్నది!"

వాళ్ళు అతని టీషర్టు వైపు చూశారు. నింగి టీవీ బొమ్మ.

"ఏంది తమ్మీ, కొత్త చానలా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. డ్యూటీ ఎగ్గొట్టడానికి ఎవడో పోయిన నెలలోనే రెండుసార్లు బాంబు ఫోన్ చేశాడట. సెక్యూరిటీ వాడు ఉజైర్ రెక్క పట్టుకున్నాడు.

బాంబు అంటే వీళ్ళు నమ్మరు. వీళ్ళు ఏం చెబితే నమ్ముతారో బొగ్గు తవ్విన తండ్రికి పుట్టిన ఉజైర్‌కు తెలుసు. అది నోటితో అనడం పాపమనీ తెలుసు. గొంతు చించుకుని అరిచాడు.

"పెద్దవాగు బాయిల కప్పు కూలింది! మొగిలన్న పోయిండు!"

నవ్వులు కోసేసినట్టు ఆగిపోయాయి. మొగిలి అంటే పెద్దవాగు బాయిలో పాతికేళ్ళ పనిమంతుడు, ఉజైర్ చిన్నప్పటి నుంచీ విన్న పేరు. కప్పు కూలిన చోట్ల నుంచి ముగ్గుర్ని భుజాన మోసుకొచ్చినవాడు. ఏ యూనియన్ వాళ్ళైనా అతని మాటకు ఎదురు చెప్పరు.

ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ముందున్నవాడు టోపీ లైటు ఆర్పేశాడు. వెనక వాళ్ళూ ఆర్పేశారు. టిఫిన్ డబ్బాలు అక్కడే దించారు. వందమందీ గేటు వైపు, రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్దవాగు వైపు ఉరికారు. అతని రెక్క పట్టుకున్న సెక్యూరిటీ మనిషి కూడా ఏడుస్తూ వాళ్ళ వెంటే పోయాడు.

కేజీ దగ్గర గంట కొట్టే ఉపేందర్ ఒక్కడే మిగిలాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"కేజీల ఎందరున్నరు?" అని అరిచాడు ఉజైర్.

"ముప్పై రెండు మంది. ఇయ్యాల్టి మొదటి దింపుడు. సగం లోతు దాకా దిగిన్రు."

"పైకి గుంజమను! జల్ది!"

ఉపేందర్ గంట కొట్టాడు. ఉజైర్ ఇంజిన్ గదిలోకి పరుగెత్తాడు.

తలుపు మీద బోర్డు. 'మనుషులు ఎక్కి దిగేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు.' లోపల మనిషెత్తు డ్రమ్ము తిరుగుతోంది, తాడు దాని మీద చుట్టుకుంటోంది. రెండు లివర్ల మీద రెండు చేతులు, చూపు లోతు చూపించే ముల్లు మీద. అస్గర్. గడ్డం నెరిసింది. అతని వీపు వెనక గోడకు అవతలే రెస్ట్ రూమ్, ఆ గోడకే బోల్టులేసి బిగించిన నల్ల బాక్సు. టీవీలో ఎవరో భజన పాడుతున్నారు.

"భయ్యా, నేను. ఉజైర్‌ని. ఆ బాక్సుల బాంబున్నది. ఒక్క నిమిషమే ఉన్నది."

అస్గర్ తల తిప్పలేదు. విన్నాడని మాత్రం తెలిసింది, అతని దవడ బిగుసుకుంది. లివరు వదిలితే ముప్పై రెండు మంది రాయిలా పడిపోతారు. వేగం పెంచితే పైనున్న ఇనుప చట్రానికి కొట్టుకుంటారు. కేజీ ఎంత వేగంతో రావాలో అంతే వేగంతో వస్తోంది, ఒక్క పిసరు ఎక్కువ కాదు.

ఉజైర్ బయటికి పోవచ్చు. పోలేదు. అన్న పక్కనే నిలబడ్డాడు. ఆరేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఆ నిమిషంలోనే వచ్చాయి. నాన్న పోయిన రోజు తాను ఎక్కడున్నాడో, ఆ రాత్రంతా ఒక్కడే ఎలా ఏడ్చాడో, ఎందుకు చెప్పలేకపోయాడో. అస్గర్ ముల్లునే చూస్తున్నాడు. అతని చెంప మీదుగా ఒక నీటి చుక్క జారి గడ్డంలో ఇంకిపోయింది. చేతులు మాత్రం వణకలేదు.

గంట మోగింది. కేజీ పైకొచ్చింది. తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు, ఉపేందర్ కేక: "అందరు దిగిన్రు!"

అస్గర్ బ్రేకు లాక్ చేశాడు. అప్పుడు తిరిగాడు.

"తూ కబ్ ఆయారే?"

ఎప్పుడొచ్చావని అడగడానికి అది సమయం కాదు. ఉజైర్ అన్న నడుం పట్టుకుని కిటికీలోంచి దూకాడు. గోడ గడియారం మూడూ ఇరవై చూపించింది. గోడ, టీవీ, భజన, అన్నీ ఒక్క శబ్దంలో లేచిపోయాయి.

*

సాయంత్రం ఏరియా దవాఖాన. అస్గర్ కుడికాలి మీద గోడ పెళ్ళ పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. ఇంజిన్ పాడైంది, బాయి వారం పాటు మూత. మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు. మమతను హైదరాబాద్ తీసుకుపోయారు. చీఫ్ ఫోన్ చేసి "గుడ్" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

అన్నదమ్ములిద్దరూ ఇంకా పెద్దగా మాట్లాడుకోలేదు. ఉజైర్ చెంచాతో గంజి తాగిస్తుంటే అస్గర్ తాగుతున్నాడు. అంతే.

తలుపు దగ్గర అలికిడైంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన భార్య శోభను వెంటబెట్టుకుని, భుజాన తువ్వాలతో మొగిలి నిలబడి ఉన్నాడు. వచ్చేటప్పటికే కోపంగా ఉన్నాడు.

"నన్ను సంపినోడు ఏడి?"

ఉజైర్ లేచి నిలబడి తల దించుకున్నాడు. ఆ మనిషి కొట్టినా తప్పులేదనిపించింది.

"మా తమ్ముడే మొగిలన్నా," అన్నాడు అస్గర్ మంచం మీద నుంచి. "కొడితే నన్ను గూడ కొట్టు."

మొగిలి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని నింపాదిగా కూర్చున్నాడు.

"ఎందుకు కొడ్త తమ్మీ? ముప్పై రెండు పానాలు నిలబెట్టినవ్. నాకు గూడ ఒక మేలు చేసినవ్. నా సావుకు నాలుగు బాయిల మంది ఉరికచ్చిన్రు, కడుపు నిండింది. రానోళ్ళు పదకొండు మంది. వాళ్ళ సంగతి రేపు హాజరేసే మస్టర్ కాడ చూస్త."